పాడ్యమి నాటి పోటు

"ఎత్తుకోని ఎక్కించుడైతె నన్ను పిలువకుండ్రి. నా కాళ్ళ మీద నేను ఎక్కేదైతెనే వస్త."

మా అపార్ట్‌మెంటు కింది అంతస్తులో ఉండే సిస్టరమ్మ, పడవ ప్రయాణం మాట వచ్చిన మొదటి రోజే పెట్టిన షరతు ఇది. రైల్వే దవాఖానాలో నర్సుగా చేసి రిటైరైంది కాబట్టి నాచారంలో మా వీధి వీధంతా ఆమెను సిస్టరమ్మ అనే పిలుస్తుంది. నాకంటే బాగా పెద్దది. నేను అక్కా అంటాను, కోపం వస్తే సిస్టరమ్మా అంటాను. రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. సమంగా ఉన్న నేల మీద కర్ర కూడా లేకుండా నడుస్తుంది. మెట్టు కనిపిస్తే మాత్రం నిలబడిపోతుంది.

ఆ షరతు వెనక ఒక పెళ్ళి ఉంది. బోడుప్పల్ వైపు ఒక ఫంక్షన్ హాల్లో వాళ్ళ చుట్టాల పెళ్ళి. భోజనాలు పై అంతస్తులో, లిఫ్టు పాడైంది. వద్దు వద్దంటున్నా అల్లుడూ అతని స్నేహితులూ ఆమెను ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, నలుగురూ నాలుగు కాళ్ళు పట్టుకొని పైకి మోసుకుపోయారు. ఎవరో వీడియో తీశారు. మర్నాడు పొద్దున కుటుంబం వాట్సాప్ గ్రూపులో అది తిరిగింది, కింద "మా అత్తమ్మ పల్లకి" అని రాసి, నవ్వే బొమ్మలు పెట్టి. సిస్టరమ్మ ఆ రోజే గ్రూపులోంచి బయటికి వచ్చేసింది. అల్లుడు ఇప్పటికీ నెట్‌వర్క్ సమస్య అనుకుంటున్నాడు.

అలాంటి మనిషికి పడవ ఎక్కాలన్న కోరిక. జనగామ అవతల మెట్ట ఊళ్ళో పుట్టింది. ఉద్యోగమంతా సికింద్రాబాదులో గడిచింది. ఉప్పల్ దాటాక మాకూ ఒక నది ఉంది కానీ దాని పక్క నుంచి వెళ్ళే బస్సులో కిటికీలు తీయరు. ఒకరోజు సాయంత్రం మా ఇంట్లో టీ తాగుతూ టీవీలో గోదావరి చూసి అంది:

"సర్చిల పాటలల్ల యొర్దాను ఎన్నిసార్లు దాటిన్నో లెక్క లేదు. నిజంగ ఒక్క నదిని గూడ పడవల దాటలే. నది పోయి సముద్రంల కలిసే కాడ ఎట్లుంటదో ఒక్కసారి సూడాలె."

"దానికేముంది అక్కా, పోదాం" అన్నాను. నా నోటికి ముందూ వెనకా ఉండదు.

అనేశాక తెలిసింది, పడవ ప్రయాణమంటే బస్సు టికెట్టు కొనడం లాంటిది కాదని. మా ఆయన ప్రభుత్వ ఫ్యాక్టరీలో తనిఖీ విభాగంలో పనిచేస్తాడు. చేతికొచ్చిన ఏ వస్తువునైనా రెండుసార్లు కొలవకుండా కింద పెట్టడు. ఆయన ముందు పాపికొండలన్నాడు. అది వానాకాలం. రెండు రోజులు పోయాక భద్రాచలం దగ్గర నీటిమట్టం పెరిగింది, పడవలు ఆపేశారు. వరద తగ్గాక వెళ్దామంటే, అప్పుడు పడవ ఇసుక తిన్నెకు దూరంగా ఆగుతుందట. తిన్నె మీద నడిచి, పలక మీదుగా ఎక్కాలి. ఆ పలక ఫొటో చూసి సిస్టరమ్మ, "దీని మీద కోతులు నడుస్తయి, నేను గాదు" అని ఫోను తిరిగి ఇచ్చేసింది. నాగార్జునసాగర్ లాంచీ అన్నాం. జలాశయంలో తగినంత నీళ్ళుంటేనే అది కదులుతుంది, అది ఏ రోజో ముందుగా చెప్పలేమన్నారు. నదిని చూడాలంటే నదికి వీలు కుదరాలని నాకప్పుడే అర్థమైంది.

చివరికి గోదావరి గౌతమి పాయలో, సముద్రానికి దగ్గరగా, సిమెంటు గట్టున్న ఒక రేవు దొరికింది. అక్కణ్ణుంచి మడ చెట్ల మధ్యగా నది ముఖం దాకా తీసుకెళ్ళి తీసుకొచ్చే పడవలున్నాయి. పడవాయనకు నేనే ఫోన్ చేశాను.

"గట్టుకీ పడవకీ మధ్య ఎంత ఎత్తుంటుందండీ?"

"అది నీరును బట్టండి."

"నీరు ఎప్పుడు ఎంత ఉంటుంది?"

"అది పోటును బట్టండి."

"పోటు ఎప్పుడొస్తుంది?"

"అది రోజును బట్టండి."

"అయ్యా, నేను కోర్టులో సాక్ష్యం అడగడం లేదు. మోకాళ్ళ నొప్పులున్న మనిషి పడవ ఎక్కాలి. సూటిగా చెప్పండి."

అప్పుడు చెప్పాడు. సముద్రం నీరు నదిలోకి ఎగదన్నితే పోటు, వెనక్కి తీస్తే పాటు. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. "మంచి పోటు మీదుంటే పడవ గట్టుకి సమానంగా వచ్చేసి నిలబడుద్దండి, గుమ్మం దాటినట్టు దాటెయ్యొచ్చు. పాటు తీసేసిందంటే నడుము లోతుకి దిగిపోద్దండి. అప్పుడు నిచ్చెనే."

గుమ్మం దాటినట్టు. నాకు కావలసింది ఆ ఒక్క మాట. సిస్టరమ్మ మా ఇంటి గుమ్మం రోజుకు నాలుగుసార్లు దాటుతుంది.

ఆ తర్వాత మా ఆయన ఫోనులో కాకినాడ పోటు వేళలు తెరిచి కూర్చున్నాడు. నాలుగు ఆదివారాలు పోయాక లేచి, ఇదంతా తిథిని బట్టి నడుస్తోందని ప్రకటించాడు. అమావాస్యకూ పౌర్ణమికీ నీళ్ళు బాగా ఎక్కుతాయి, అక్కడ అది సరిగ్గా పడవ బయలుదేరే పొద్దుటి వేళకే వస్తుంది. అష్టమి దగ్గరికొచ్చేసరికి తారుమారు. పొద్దున పాటు, సాయంత్రం పోటు, అదీ అంతంతమాత్రం. అంటే మాకు పౌర్ణమో అమావాస్యో కావాలి. లేదా ఆ మర్నాడు.

ఇక్కడ మా వదిన గురించి చెప్పాలి. మా ఆయన అక్కగారు, రామంతాపూర్‌లో ఉంటుంది. వీళ్ళది కోస్తా, గుంటూరు వైపు. మాది వరంగల్. నా పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆవిడకూ నాకూ ఉప్పు దగ్గర, పప్పు దగ్గర, దేవుడి దగ్గర వాదన సాగుతూనే ఉంది. గోదావరి అనేసరికి నేనూ వస్తానంది. వచ్చేది ఊరికే రాదు, పంచాంగంతో వస్తుంది.

"దశమి బాగుంది. దశమికి వెళ్దాం" అంది.

"దశమి నాడు పొద్దున నీళ్ళుండవు అక్కయ్యా" అన్నాడు మా ఆయన.

"గోదావరిలో నీళ్ళుండకపోవడమేమిట్రా?"

"ఉంటాయి. పడవ కిందికి పోతుంది. సిస్టరుగారు ఎక్కలేరు."

"అయితే కార్తీక పౌర్ణమి?"

"ఆ రోజు మీరు దీపాలు వదిలి ఇల్లు కదుల్తారా వదినా?" అన్నాను.

కదలదు. ఆ సంగతి ఆవిడకూ తెలుసు. ఇక మిగిలింది అమావాస్య. ఆ మాట వినగానే వదిన కప్పు కింద పెట్టేసింది.

"అమావాస్య నాడు ప్రయాణమా! గడప దాటుతామా ఎవరమైనా?"

"మీ తమ్ముడు ప్రతి అమావాస్యకూ ఫ్యాక్టరీకి పోతూనే ఉన్నాడు. ఇన్నేళ్ళలో ఏ దయ్యమూ పట్టలేదు."

"పట్టబట్టే కదే నీతో కాపురం చేస్తున్నాడు."

సిస్టరమ్మ టీ పొలమారేదాకా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది కానీ ఆవిడ ముందు నవ్వలేదు. లోపలికి పోయి క్యాలెండర్ తెచ్చాను. వాదనలో గెలవాలంటే అవతలివాళ్ళ పుస్తకమే తెరవాలని కాలేజీ రోజుల్లోనే నేర్చుకున్నాను. కార్తీక అమావాస్య మర్నాడు పాడ్యమి. పోలి పాడ్యమి. కార్తీకం నెలంతా దీపాలు పెట్టినవాళ్ళు ఆ తెల్లవారుజామున అరటి దొప్పల్లో దీపాలు పెట్టి నీళ్ళలో వదులుతారు. వదిన ప్రతి ఏడూ ఆ పని రామంతాపూర్‌లో తన ఇంటి వెనక ప్లాస్టిక్ టబ్బులో చేస్తుంది.

"పాడ్యమికి నీళ్ళెట్లుంటాయి?" అని మా ఆయన్ని అడిగాను.

"అమావాస్య కంటే ఇంకో పిసరు ఎక్కువే."

"వదినా, ఈసారి మీ దీపాలు టబ్బులో వదుల్తారా, గోదావరిలో వదుల్తారా?"

వదిన క్యాలెండర్ తన వైపు తిప్పుకుంది. తర్వాత మెల్లిగా అంది, "పాడ్యమి పొద్దున అక్కడుండాలంటే అమావాస్య సాయంత్రం రైలెక్కాలి కదే."

నిజమే. మళ్ళీ మొదటికొచ్చాం. సిస్టరమ్మ ఇద్దరి ముఖాలూ చూస్తోంది. ఆమె ఎక్కడం ఎక్కకపోవడం మా వదిన గడప దగ్గర చిక్కుకుంది. "నాకోసం మీరు దేవునితోని లొల్లి పెట్టుకోకుండ్రి" అని లేవబోయింది.

"కూర్చోండి సిస్టరుగారూ" అంది వదిన. "దానికీ ఉపాయం ఉంది. ప్రస్థానం పెడతాను."

సిస్టరమ్మకు అదేమిటో తెలియదు. నాకు తెలుసు, మా అమ్మమ్మ చేసేది. మంచి రోజు చూసి, ప్రయాణం సంచిని ముందుగానే మన గడప దాటించి, వెళ్ళే దిక్కున ఇంకొకరి ఇంట్లో పెట్టడం. సంచి బయల్దేరిందంటే మనిషి బయల్దేరినట్టే. ఆ తర్వాత ఏ తిథినాడు రైలెక్కినా లెక్కలోకి రాదు. దేవుడి దగ్గర కూడా వెసులుబాటు సంపాదించగల జాతి మనది.

త్రయోదశి నాడు వదిన షేర్ ఆటోలో సంచితో సహా దిగింది. రామంతాపూర్ నుంచి చూస్తే నాచారం ఏ దిక్కున ఉంటుందో నేను ఆవిణ్ణి అడగలేదు. అడిగుంటే ప్రయాణం మళ్ళీ ఆగేది. తమ్ముడి ఇంట్లో పెడితే సొంత ఇంట్లో పెట్టినట్టేనని, సంచి సిస్టరమ్మ ఇంట్లో ఉంచాలని పట్టుబట్టింది. క్రీస్తు పటం కింద, బైబిలు ఉండే బల్ల పక్కన ఆ సంచి పెట్టారు.

"మీ సంచి మా ఇంట్ల రెండు దినాలు నిద్ర జేస్తె దోషం గిట్ల లేదు గద వదినమ్మా?" అంది సిస్టరమ్మ.

"మీ తలుపు తూర్పు వేపు ఉందండీ. అది చాలు."

"నేను గూడ దాని మీద చెయ్యి పెట్టి ప్రార్థన జేస్త. గప్పుడు రెండు దిక్కులకెల్లి కాపాడ్తడు."

"చెయ్యండి చెయ్యండి. అందులో నా జరీచీర కూడా ఉంది" అంది వదిన.

అమావాస్య ఆదివారం పడింది, పొద్దున సిస్టరమ్మ చర్చికి వెళ్ళి వచ్చింది. సాయంత్రం నలుగురం సికింద్రాబాద్‌లో రైలెక్కాం. రైలు మెట్లు ఆమె ఎట్లా ఎక్కిందంటే, గార్డు వైపు ప్లాట్‌ఫాం కొంచెం ఎత్తుగా ఉండే చోటు ఆమెకు తెలుసు. రైల్వే మనిషి మరి. రెండు చేతులతో కడ్డీలు పట్టుకొని, ఊపిరి బిగబట్టి, తనంతట తనే ఎక్కింది. నేను వెనక చేతులు చాచి నిలబడితే, "చేతులు దించు, భయమైతది" అంది.

తెలతెలవారుతుండగా రేవుకు చేరాం. కాకినాడ నుంచి కారులో వచ్చేటప్పటికే వదినకు కంగారు, వెలుగొచ్చేస్తోందని. గట్టు పక్కనున్న మెట్ల మీద ఊరి ఆడవాళ్ళు అప్పటికే దీపాలు వదిలి వెళ్ళిపోతున్నారు. వదిన తను తెచ్చిన అరటి దొప్పలో వత్తులు వెలిగించి నీళ్ళ మీద పెట్టింది. అది సముద్రం వైపు పోవాలి కదా. పోలేదు. ఎగువకు, మేమొచ్చిన వైపుకు నెమ్మదిగా కదిలింది.

"ఇదేమిటి, వెనక్కి పోతోంది?" అంది వదిన, ముఖం మాడ్చుకొని.

"పోటు మొదలైంది అక్కయ్యా" అన్నాడు మా ఆయన. ఆయన గొంతులో అంత సంతోషం మా అబ్బాయి పుట్టినప్పుడు కూడా వినలేదు.

పొద్దెక్కేకొద్దీ నీళ్ళు మెట్లను ఒక్కొక్కటిగా మింగాయి. పడవ తాళ్ళకు కట్టి ఉన్నది కట్టి ఉన్నట్టే పైకి లేచింది. పడవాయన చెప్పినట్టే గట్టుకు సమానంగా వచ్చింది. కానీ ఎక్కడానికి వీల్లేదట, ఇంకో కుటుంబం రావాలట.

"వాళ్ళొచ్చేదాకా నీళ్ళు ఆగుతాయా?" అన్నాను.

"ఇంకా ఎక్కుద్దండి, కంగారు పడకండి."

"కంగారు కాదు. మేము తిథి చూసుకొని వచ్చాం. వాళ్ళు నిద్ర చూసుకొని వస్తున్నారు. వాళ్ళకోసం మేమెందుకు..."

అలా ఎంతసేపు వాదించానో తెలియదు. వెనక్కి తిరిగి చూసేసరికి సిస్టరమ్మ పడవలో ఉంది. నీడనున్న బల్ల మీద కూర్చొని, కాళ్ళు చాపుకొని, చేతిసంచిలోంచి పల్లీలు తీసి వదినకు పెడుతోంది.

"ఎప్పుడెక్కినవ్ అక్కా!"

"నువ్వు ఆయనను ఝాడిచ్చుకుంట ఉంటివి గద, గప్పుడె. గుమ్మం దాటినట్టే ఉన్నది."

నాలుగు నెలలు ఆ ఒక్క అడుగు కోసం తిరిగి, ఆ అడుగు నేను చూడలేదు. చూడలేదని ఆవిడతో పోట్లాడటానికీ లేదు.

పడవ కదిలింది. చెట్ల ఆకులు నీళ్ళను తాకుతున్నాయి. కొమ్మల కింద నుంచి వెళ్ళేటప్పుడు తల వంచుకోవాల్సి వచ్చింది. నది వెడల్పవుతూ, వెడల్పవుతూ, ఒకచోట అవతలి గట్టు మాయమైంది. అక్కడ రెండు రంగుల నీళ్ళు పక్కపక్కనే ఉన్నాయి, ఒకటి మజ్జిగ రంగు, ఒకటి మాసిన ఆకుపచ్చ. మధ్యలో నురగ గీత. పడవాయన ఇంజను ఆపాడు. సిస్టరమ్మ అంచు మీదికి వంగి, దోసిట్లో నీళ్ళు తీసుకొని నాలుక మీద వేసుకుంది.

"ఉప్పగ లేదు. జర ఉప్పగ, జర తియ్యగ" అంది. ఇంకో దోసిలి తీసుకొని ముఖం కడుక్కుంది. ఆ రెండో కుటుంబం పిల్లలు సెల్ఫీలు దిగుతుంటే, మేము ముగ్గురం ఆ గీత వైపు చూస్తూ కూర్చున్నాం.

తిరిగి వస్తున్నప్పుడు నాకు అనుమానం వచ్చింది. పొద్దున తల వంచుకున్న కొమ్మలు ఇప్పుడు నెత్తికి చాలా పైన ఉన్నాయి. ఆకులకు తగిలిన నీళ్ళు లేవు. వేళ్ళు బయటపడి, వాటి కింద నల్లటి బురద, బురద మీద పీతలు. పొద్దున పడవ పోయిన చోట కొంగలు నడుస్తున్నాయి.

"ఏమండీ" అన్నాను మా ఆయన్ని మెల్లిగా. "ఎక్కేటప్పుడు పోటు చూశారు. మరి దిగేటప్పుడు?"

ఆయన ఫోను తీశాడు. చూశాడు. మళ్ళీ జేబులో పెట్టేశాడు. రెండుసార్లు కొలిచే మనిషి ఒక్కసారి కూడా కొలవని సంగతి ఆ ముఖంలో కనిపించింది. ఆయన్ని అనడానికి నాకు నోరు రాలేదు. నాకు మాత్రం తట్టిందా? నాచారంలో మాకు నీళ్ళు రావడమే సంగతి. రోజు విడిచి రోజు వస్తాయి. వచ్చే వేళకు ఇంటిల్లిపాదీ బకెట్లతో సిద్ధంగా ఉంటాం. వచ్చిన నీళ్ళు మళ్ళీ ఏ వేళకు వెనక్కి పోతాయో లెక్క కట్టాల్సిన అవసరం మా వీధిలో ఎవరికీ ఎప్పుడూ రాలేదు.

రేవు కనిపించింది. పొద్దున గుమ్మంలా ఉన్న గట్టు ఇప్పుడు గోడలా నిలబడి ఉంది. నాచు పట్టిన సిమెంటు, దానికి ఆనించిన ఇనుప నిచ్చెన. ఆ రెండో కుటుంబం టకటకా ఎక్కి వెళ్ళిపోయింది. సిస్టరమ్మ నిచ్చెన వంక చూసింది, తర్వాత తన మోకాళ్ళ వంక.

"ఏం పర్లేదమ్మా" అన్నాడు పడవాయన. "పైన ఇద్దరు కుర్రోళ్ళున్నారు. కుర్చీ దింపి, తాడేసి లేపేస్తాం. రోజూ చేసే పనేనండి."

"వద్దు" అంది సిస్టరమ్మ.

"రెండు నిమిషాల పనండి."

"వద్దంటున్న గద బిడ్డా."

వదిన ఆమె పక్కన కూర్చొని, చెయ్యి మీద చెయ్యి వేసి చెప్పింది. "సిస్టరుగారూ, ఇక్కడ మనవాళ్ళెవరూ లేరు. వీడియో తీసేవాళ్ళు లేరు. ఎవరు చూస్తారండీ?"

"నేనున్న గద సూసెతందుకు."

రాత్రి రైలుంది. కాకినాడకు కారులో వెళ్ళాలి. మా ఆయనకు మర్నాడు డ్యూటీ. ఇవన్నీ చెప్పి ఆమెను ఒప్పించగలను. వాదించి ఒప్పించడం నాకు చేతనైన పని. నోరు తెరిచాను కూడా. ఆమె ముఖం చూసి, పడవాయన వైపు తిరిగాను.

"మళ్ళీ నీళ్ళు ఎప్పుడెక్కుతాయి?"

"ఇంకా తీస్తుందండి. పొద్దు వాలేముందు తిరుగుద్ది. చీకటి పడ్డాక గానీ గట్టు దగ్గరికి రాదు."

"అంతదాకా ఇక్కడే ఉంటాం. పడవ కట్టేసి మీరు ఇంటికి పోండి."

"అలా కుదరదండీ. జనాన్ని పడవలో ఒదిలేసి ఎలా ఎల్తాం?"

"వెళ్ళొద్దు. మాతో కూర్చోండి. పల్లీలున్నాయి."

ఆయన నన్ను పొద్దున్నించీ చూశాడు కాబట్టి ఎక్కువసేపు ఎదురు చెప్పలేదు. ఇంటికి ఫోన్ చేసి, తనకూ మాకూ కలిపి అన్నం పంపమన్నాడు. మా ఆయన నిచ్చెనెక్కి గట్టు మీద కూర్చొని, మర్నాటి రైలుకు టికెట్లు వెతకడం మొదలుపెట్టాడు. ఫ్యాక్టరీకి ఫోన్ చేసి సెలవడిగాడు. కారణం అడిగితే, "నీళ్ళు రాలేదండీ" అన్నాడు. హైదరాబాదులో దాని మీద ఎవరూ రెండో ప్రశ్న వెయ్యరు.

"మీరు పోవద్దా వదినమ్మా?" అంది సిస్టరమ్మ. "రైలు పోతది."

"పోనివ్వండి. సంచి మంచి రోజునే బయల్దేరింది. ఎప్పుడు చేరితే ఏం?"

కొబ్బరి పచ్చడి, చేపల పులుసు వచ్చాయి. కార్తీకం ముగిసింది కదా అని వదిన వైపు చూశాను. "నువ్వు చూడకపోతే తింటాను" అంది. ఎండ వాలింది. పడవ ఇంకా కిందికి దిగి, బురదకు ఆనుకొని కొంచెం పక్కకు ఒరిగింది. మేము ఆ ఒరుగు మీదే కూర్చున్నాం.

అప్పుడు సిస్టరమ్మ తనంతట తను చెప్పింది. ఉద్యోగంలో మనుషుల్ని ఎంతమందిని ఎత్తిందో. మంచం మీంచి స్ట్రెచర్ మీదికి, స్ట్రెచర్ మీంచి బల్ల మీదికి.

"ఎత్తెటప్పుడు ఒక్కరు గూడ మన మొహం సూడరు. అందరు పైకి సూస్తరు, కప్పు దిక్కు. లేకుంటె కండ్లు మూసుకుంటరు. ఎంత పెద్ద ఆఫీసరైన గంతే. నొప్పికి గాదు. నేను గప్పుడనుకునేదాన్ని, వీళ్ళు ఏం సూస్తుండ్రు పైన అని. పెండ్లిల నన్ను ఎత్తినప్పుడు తెలిసింది. నేను గూడ ఆ ఫంక్షన్ హాలు ఫ్యాను దిక్కే సూసిన."

వదిన తన కొంగు సర్దుకుంది. నేను నీళ్ళ వైపు చూశాను.

నీళ్ళు ఎప్పుడు తిరిగాయో మాకు తెలియలేదు. ఒరిగిన పడవ ముందు సర్దుకొని నిటారుగా కూర్చుంది. తర్వాత బురద మీద చిన్న చిన్న గుంటలు నిండాయి, కొంగలు లేచిపోయాయి. నిచ్చెన మెట్లు ఒక్కోటి నీళ్ళలో మునుగుతుంటే, ఆ గోడ మాకోసం తగ్గుతున్నట్టే ఉంది. పొద్దు గుంకింది. పడవాయన దీపం వెలిగించాడు. నడుము ఎత్తున్న గట్టు తొడ ఎత్తైంది, మోకాలెత్తైంది.

"ఇప్పుడు సరిపోద్ది కదండీ" అన్నాడాయన.

"సరిపోతది అక్కా. ఒక్క అడుగే" అన్నాను నేను.

"ఇంక జర ఆగు."

ఆగాం. మా ఆయన పై నుంచి ఫోను లైటు వేసి పట్టుకున్నాడు. సిస్టరమ్మ లేచి అంచు దగ్గరికి వచ్చి, గట్టునూ పడవనూ మార్చి మార్చి చూసింది. పోటు ఇంకో జానెడు ఎక్కింది. నేను అలవాటు కొద్దీ చెయ్యి చాపాను.

"చెయ్యి గాదు, బ్యాగు పట్టు" అని తన చేతిసంచి నాకిచ్చింది. పడవ పైకప్పు గుంజను ఎడమ చేత్తో పట్టుకుంది. కుడికాలు గట్టు మీద పెట్టి, కాసేపు అక్కడే ఉంచింది, నేల గట్టిగా ఉందో లేదో చూస్తున్నట్టు. తర్వాత రెండోది. అంతే. గట్టు మీద నిలబడి, చీర కుచ్చిళ్ళు దులుపుకుంది.

ఇప్పుడు వదిన వంతు. మోకాళ్ళు బాగానే ఉన్నాయి కానీ చీకట్లో నీళ్ళ మీద అడుగు వెయ్యాలంటే ఆవిడకు భయం పట్టుకుంది. అంచు దగ్గరికొచ్చి, నల్లటి నీళ్ళను చూసి వెనక్కి తగ్గింది. "అమ్మో, ఊగుతోందే" అంది.

సిస్టరమ్మ గట్టు మీంచి చెయ్యి చాపింది.

"దా వదినమ్మా. కిందికి సూడకు. నా మొహం సూసుకుంట రా."